స్పార్క్ మెషీన్‌పై కరెంటును, ఎలక్ట్రోడ్ పదార్థాన్ని ఎలా ఎంచుకోవాలి

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల టూల్ రూముల్లో (అచ్చులు, డైలు చేసే చోట్లలో) స్పార్క్ మెషీన్ (ఈడీఎం, అంటే విద్యుత్ స్పార్కులతో లోహాన్ని చెక్కే యంత్రం) నడిపే వారిలో చాలామంది మొదట కరెంటు ఎంత పెట్టాలో తేల్చుకుని, ఆ తరువాతే జాబ్ (చెక్కవలసిన లోహపు ముక్క) సంగతి ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగేయమని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. కరెంటును రెండు విషయాలు నిర్ణయించాలి: డ్రాయింగ్‌లో అడిగిన చివరి ఫినిష్ (ఉపరితలం నునుపు) ఒకటి, ఆ క్షణంలో జాబ్‌కు ఎదురుగా ఉన్న ఎలక్ట్రోడ్ (జాబ్‌లో తన ఆకారాన్ని చెక్కే పనిముట్టు) వైశాల్యం రెండవది. జనరేటర్ 50 ఆంపియర్లు ఇవ్వగలదా, 100 ఇవ్వగలదా అన్నది ఈ రెండూ తేలిన తరువాత చూసుకోవలసిన విషయం. ఎలక్ట్రోడ్ పదార్థం కూడా ఈ లెక్కలోంచే బయటికి వస్తుంది.

లెక్కలోకి దిగే ముందు ఒక మూల విషయాన్ని మనసులో ఉంచుకోండి. ఎలక్ట్రోడ్‌కూ జాబ్‌కూ మధ్య నూనెలో పుట్టే ప్రతి స్పార్కూ రెండు వైపులా లోహాన్ని కరిగిస్తుంది. సోవియట్ శాస్త్రవేత్తలైన బోరిస్, నటాలియా లజరెంకో దంపతులు విద్యుత్ కాంటాక్టులు స్పార్కుల వల్ల ఎందుకు అరిగిపోతున్నాయో పరిశోధిస్తూ, 1943లో అదే అరుగుదలను లోహాన్ని చెక్కే పద్ధతిగా మలిచారు. వారు ఎదుర్కొన్న సమస్యే ఈనాటికీ మన ముందుంది. జాబ్ ఎక్కువగానూ ఎలక్ట్రోడ్ తక్కువగానూ అరిగేలా ఆ అరుగుదలను పంచడమే ఈ పనిలోని నేర్పు అంతా. కరెంటు, ఆన్ టైమ్ (ఒక్కో స్పార్క్ నిలిచే సమయం), పోలారిటీ (పాజిటివ్ ఏ వైపు, నెగెటివ్ ఏ వైపు అన్నది), ఎలక్ట్రోడ్ పదార్థం అనే నాలుగూ ఆ పంపకాన్ని శాసిస్తాయి కాబట్టి, వీటిలో ఏ ఒక్కదాన్నీ మిగిలినవాటినుంచి విడదీసి మార్చకూడదు.

డ్రాయింగ్‌ను చివరి నుంచి చదవండి

మొదటి అడుగుగా, జాబ్ మీద చివరికి ఎలాంటి ఉపరితలం కావాలో చూడండి. మోల్డ్ డ్రాయింగుల్లో ఇది చాలాసార్లు వీడీఐ (గరుకుదనాన్ని తెలిపే జర్మన్ కొలమానం) అంకెల్లో ఉంటుంది. వీడీఐ 18 అంటే ఆర్ఏ (సగటు గరుకుదనం) 0.8 మైక్రాన్లు, 24 అంటే సుమారు 1.6, 30 అంటే సుమారు 3.2, 36 అంటే 6.3 మైక్రాన్లు. వీడీఐ అంకె 6 పెరిగిన ప్రతిసారీ గరుకుదనం రెట్టింపవుతుందని గుర్తుంచుకుంటే పట్టిక చేతిలో లేకపోయినా పని జరుగుతుంది. వీడీఐ 24 ఫినిష్‌కు రాగి ఎలక్ట్రోడ్‌తో ఉక్కు మీద సుమారు 2 నుంచి 4 ఆంపియర్ల మధ్య పని ముగించవలసి వస్తుంది. కచ్చితమైన అంకె మీ మెషీన్‌తో వచ్చిన సాంకేతిక పట్టికలో ఉంటుంది. ఈ చివరి కరెంటును మొదట కాగితం మీద రాసుకుని, అక్కడినుంచి వెనక్కి నడవండి. ఒక్కో దశ వెనక్కి వెళ్లినప్పుడు కరెంటును సుమారు మూడు రెట్లు పెంచుకుంటూ పోతే, ఫినిషింగ్‌కు 3, అంతకుముందు 10, రఫింగ్‌కు (ఎక్కువ లోహాన్ని వేగంగా తీసే మొదటి దశకు) 30 ఆంపియర్లు అన్నట్లుగా ఒక మెట్ల వరుస ఏర్పడుతుంది.

ఈ మెట్లను దాటవేయడం ఎందుకు ప్రమాదకరమో చెప్పాలి. పెద్ద కరెంటుతో చేసిన రఫింగ్ పైకి కనిపించే గుంతలను మాత్రమే మిగల్చదు. వాటి అడుగున కరిగి మళ్లీ గడ్డకట్టిన తెల్లని పొర, దాని కింద వేడికి గుణం మారిన మరో పొర ఉంటాయి. ఫినిషింగ్‌లో తెల్లపొర మందం కొన్ని మైక్రాన్లే అయినా, భారీ రఫింగ్‌లో పదుల మైక్రాన్లకు చేరుతుంది. అందులో సన్నని పగుళ్లు సహజం. 30 ఆంపియర్ల నుంచి నేరుగా 3 ఆంపియర్లకు దూకితే, ఆ చిన్న స్పార్కులు గుంతల అంచులను మాత్రం నున్నగా చేసి పొరను అలాగే వదిలేస్తాయి. చూడడానికి ఫినిష్ బాగానే ఉంటుంది, కానీ ఆ డై ప్రెస్‌లో కొట్టడం మొదలుపెట్టాక పగులు అక్కడినుంచే బయలుదేరుతుంది. రఫింగ్ తరువాత పక్కకు సుమారు 0.15 మిల్లీమీటర్ల లోహం మిగిలి ఉండేలా చూసుకుని, తరువాతి దశల్లో దాన్ని పూర్తిగా తీసివేయండి.

ఉక్కు గట్టిదనం ఈ లెక్కలో దాదాపుగా లెక్కకు రాదు. హెచ్‌సీహెచ్‌సీఆర్ (కార్బన్, క్రోమియం ఎక్కువగా ఉన్న టూల్ స్టీల్) డైని గట్టిపరచక ముందు చేసినా, 60 రాక్‌వెల్ దాకా గట్టిపరచిన తరువాత చేసినా స్పార్క్ దాదాపు ఒకే వేగంతో కోస్తుంది. పగుళ్ల భయం మాత్రం గట్టిపరచిన ఉక్కులో ఎక్కువ కాబట్టి, అక్కడ రఫింగ్ కరెంటులో కొంత తగ్గింపు పాటించడం మంచిది.

తాకే వైశాల్యాన్ని కొలవండి

రెండో అడుగు వైశాల్యం. రాగికైనా గ్రాఫైట్‌కైనా ఒక చదరపు సెంటీమీటరుకు 10 ఆంపియర్లు దాటకూడదన్నది చాలాకాలంగా నిలిచిన సూత్రం. రాగి విషయంలో 5 నుంచి 8 మధ్య ఉండడం, ఒక చదరపు సెంటీమీటరు కంటే చిన్న ఎలక్ట్రోడ్‌కు ఇంకా తగ్గించడం మేలని నా అభిప్రాయం. ఇక్కడ చెప్పే కరెంటు ప్యానెల్‌లో మీరు సెట్ చేసే పీక్ కరెంటు (ఒక్కో స్పార్క్‌లో ప్రవహించే కరెంటు). అమ్మీటర్ ముల్లు చూపేది సగటు కరెంటు. ఆన్ టైమ్ కంటే ఆఫ్ టైమ్ (రెండు స్పార్కుల మధ్య విరామం) ఎంత పెరిగితే ముల్లు అంత కిందికి దిగుతుంది. ముల్లు తక్కువ చూపుతోందని పీక్ కరెంటు పెంచేవారు, తమకు తెలియకుండానే ఎలక్ట్రోడ్ భరించగల హద్దును దాటేస్తారు.

లెక్క ఒకటి చేసి చూద్దాం. మోల్డులకు వాడే పీ20 ఉక్కులో 50 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల లోతు ఉన్న క్యావిటీ (అచ్చులోని గుంట) చేయాలి. దాని అడుగున మరో 3 మిల్లీమీటర్ల లోతుకు 30 మిల్లీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఒక గాడి ఉంది. ఎలక్ట్రోడ్ మొత్తం ముఖం 15 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, చదరపు సెంటీమీటరుకు 5 చొప్పున 75 ఆంపియర్లు పెట్టవచ్చని తోస్తుంది. అయితే మొదట జాబ్‌ను తాకేది ఆ గాడి కోసం ముందుకు పొడుచుకు వచ్చిన గట్టు ఒక్కటే. దాని వైశాల్యం 120 చదరపు మిల్లీమీటర్లు, అంటే 1.2 చదరపు సెంటీమీటర్లు. అక్కడ 6 నుంచి 8 ఆంపియర్లకు మించి పెడితే, గాడిని తీర్చిదిద్దవలసిన ఆ గట్టు మూలలు మొదటి కొన్ని నిమిషాల్లోనే గుండ్రబడిపోతాయి. గట్టు 3 మిల్లీమీటర్లు దిగి, మొత్తం ముఖం ఉక్కును ఎదుర్కొన్న తరువాతే కరెంటును, ముందు వేసుకున్న మెట్ల వరుస ప్రకారం, 30 కి పెంచాలి. ముందుగా ఎండ్‌మిల్ అనే మిల్లింగ్ కట్టర్‌తో క్యావిటీలో ఎక్కువ భాగం తీసేసి వచ్చిన జాబ్‌లో ఇంకో చిక్కు ఉంటుంది. అక్కడ ఎలక్ట్రోడ్ మొదట నాలుగు మూలల్లో మాత్రమే తాకుతుంది, పైకి పెద్దదిగా కనిపించే ఎలక్ట్రోడ్‌కు నిజానికి పని చేస్తున్న వైశాల్యం చాలా కొద్దిగా ఉంటుంది. లోతు పెరిగే కొద్దీ వైశాల్యం ఎలా మారుతుందో మూడు నాలుగు మెట్లుగా రాసి, ప్రతి మెట్టుకూ ఒక కరెంటు కేటాయించి, జెడ్‌ఎన్‌సీ (లోతు దిశను కంప్యూటర్ నడిపే) మెషీన్‌లో ఆ లోతుల దగ్గర సెట్టింగు మారేలా ముందే అమర్చుకోండి.

ఎలక్ట్రోడ్ పదార్థాన్ని నిర్ణయించండి

హైదరాబాద్ షెడ్లలో ఈ ప్రశ్నకు అలవాటుగా వచ్చే జవాబు రాగి. దానికి న్యాయమైన కారణాలున్నాయి. రాణీగంజ్ దుకాణాల్లో పట్టీలుగా, కడ్డీలుగా కిలో లెక్కన దొరుకుతుంది, పని అయ్యాక తుక్కుగా అమ్మినా కొంత డబ్బు తిరిగి వస్తుంది, మామూలు మిల్లింగ్ మెషీన్ మీదే చేసుకోవచ్చు. చిన్న కరెంటు దగ్గర రాగి ఇచ్చే నునుపు ఫినిష్‌ను సాధారణ గ్రాఫైట్ ఇవ్వలేదు. కొనేటప్పుడు ఎలక్ట్రోలైటిక్ రాగినే అడగండి. పోత పోసిన రాగిలో ఉండే సన్నని గాలి రంధ్రాలు ఎరోషన్‌లో (స్పార్కుల అరుగుదలలో) ఒక్కసారిగా బయటపడి, జాబ్ మీద మచ్చలుగా అచ్చు పడతాయి. టెల్లూరియం కలిసిన రాగి దొరికితే దాన్ని మిల్లింగ్ చేయడం చాలా తేలిక. మామూలు రాగి సాగే గుణం వల్ల కట్టర్‌కు అతుక్కుంటుంది, అంచుల్లో బర్ (పొడుచుకొచ్చిన పలుచని లోహపు అంచు) మిగులుతుంది, ఆ బర్‌ను తీయకుండా మెషీన్‌కు ఎక్కిస్తే మొదటి స్పార్కులన్నీ దాని దగ్గరే పడతాయి.

గ్రాఫైట్ గుణం దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. గ్రాఫైట్ సాధారణ వాతావరణ పీడనంలో కరగనే కరగదు, 3600 డిగ్రీల ప్రాంతంలో నేరుగా ఆవిరవుతుంది. అందువల్ల కరెంటు పెరిగే కొద్దీ రాగి అరుగుదల పెరుగుతుంటే, గ్రాఫైట్ మాత్రం పెద్ద కరెంటు, పొడవైన ఆన్ టైమ్ దగ్గరే తన మేలును చూపుతుంది. బరువు కూడా ముఖ్యమే. 100 మిల్లీమీటర్ల ఘనం రాగిలో దాదాపు 9 కిలోలు తూగితే, గ్రాఫైట్‌లో రెండు కిలోల లోపే ఉంటుంది. బరువు తగ్గితే మెషీన్ తల ఎలక్ట్రోడ్‌ను వేగంగా ఎత్తి దించగలుగుతుంది, లోతైన క్యావిటీలో చెత్త బయటికి రావడానికి అది ఎంతో ఉపయోగం. పైగా సన్నని పొడవైన రిబ్‌ను (పలుచని గోడలాంటి భాగాన్ని) గ్రాఫైట్‌లో బర్ లేకుండా మిల్ చేయవచ్చు, అదే రాగిలో కట్టర్ ఒత్తిడికి వంగిపోతుంది.

గ్రాఫైట్ కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న రేణువు పరిమాణం ఎంత అని. 5 మైక్రాన్ల లోపు రేణువు ఉన్న రకం సన్నని వివరాలకూ మంచి ఫినిష్‌కూ పనికి వస్తుంది, 10 నుంచి 20 మైక్రాన్ల రకం రఫింగ్‌కు చాలు. ఎలక్ట్రోడ్‌లో మీరు చేయదలచుకున్న అతి చిన్న మూలకు తగిన రేణువు ఎంచుకోవాలి, ఎందుకంటే రేణువు కంటే పదునైన మూల దాని మీద నిలవదు. పేరు తెలియని ముతక గ్రాఫైట్ దిమ్మెలు చవకగా దొరికినా ఫినిషింగ్ ఎలక్ట్రోడ్‌కు వాడవద్దు. ఇక దుమ్ము విషయంలో నేను రాజీ పడమని ఎవరికీ చెప్పను. గ్రాఫైట్ పొడి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, మెషీన్ స్లైడ్‌వేలలోకి చేరి వాటిని గీకుతుంది, ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. దుమ్మును లాగే సక్షన్ ఏర్పాటు లేని షెడ్‌లో, మిగతా పనులన్నీ చేసే ఒకే ఒక్క వీఎంసీ (కంప్యూటర్ నడిపే నిలువు మిల్లింగ్ మెషీన్) మీద గ్రాఫైట్ చేయడం కంటే రాగితో కొంత ఆలస్యమైనా సరిపెట్టుకోవడమే మంచిది.

వైశాల్యం, వివరం, ఫినిష్ కలిపి చూస్తే ఎంపిక ఇలా తేలుతుంది. ముఖం 10 చదరపు సెంటీమీటర్లు దాటి, తీయవలసిన లోహం ఎక్కువగా ఉండి, ఫినిష్ వీడీఐ 28 లేదా అంతకంటే గరుకుగా ఉంటే గ్రాఫైట్ వైపు మొగ్గండి. ముఖం చిన్నదై, ఫినిష్ వీడీఐ 24 లేదా అంతకంటే నునుపుగా ఉంటే రాగి ఎంచుకోండి. రాగిలో సుమారు 70 శాతం టంగ్‌స్టన్ కలిసిన కాపర్ టంగ్‌స్టన్‌ను, ధర ఎక్కువైనా, పదునైన మూలలు చివరిదాకా నిలవవలసిన చోటా కార్బైడ్ జాబుల్లోనూ వాడాలి. ఇత్తడి వేగంగా అరుగుతుంది, ఆకారం ముఖ్యం కాని రంధ్రాలకు మాత్రమే దాన్ని పరిమితం చేయండి.

ఆన్ టైమ్, పోలారిటీ

ఉక్కు మీద రాగి లేదా గ్రాఫైట్‌తో పని చేసేటప్పుడు ఎలక్ట్రోడ్‌ను పాజిటివ్‌గా ఉంచడం సాధారణ పద్ధతి. స్పార్క్ మొదలైన తొలి క్షణాల్లో తేలికైన ఎలక్ట్రాన్లు పాజిటివ్ వైపు దూసుకెళ్లి అక్కడ ఎక్కువ వేడిని పుట్టిస్తాయి, బరువైన అయాన్లు నెగెటివ్ వైపు తమ ప్రభావం చూపడానికి మరికొంత సమయం పడుతుంది. అందుకే ఆన్ టైమ్ పొడవుగా, 100 నుంచి 400 మైక్రోసెకండ్ల మధ్య ఉంటే నెగెటివ్‌గా ఉన్న జాబ్ ఎక్కువగా కరుగుతుంది. పైగా నూనె విచ్ఛిన్నమై వచ్చిన కార్బన్ పాజిటివ్ ఎలక్ట్రోడ్ మీద పలుచని పూతగా చేరి దాన్ని కాపాడుతుంది. ఫినిషింగ్‌లో ఆన్ టైమ్‌ను 20 మైక్రోసెకండ్ల లోపుకు తగ్గించగానే ఈ రక్షణ పోతుంది, ఎలక్ట్రోడ్ అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుంది. ఫినిషింగ్‌కు కొత్త ఎలక్ట్రోడ్ ఎందుకు తప్పనిసరో దీన్నిబట్టి అర్థమవుతుంది. రఫింగ్‌లో వాడిన ఎలక్ట్రోడ్ ముఖాన్ని మళ్లీ మిల్ చేసి మరో రఫింగ్‌కు వాడుకోవచ్చు.

కరెంటు తగ్గించకుండా ఆన్ టైమ్ ఒక్కటే తగ్గించి ఫినిష్ తెచ్చే ప్రయత్నం వద్దు. జాబ్ మీద నునుపు కొంత వస్తుంది, కానీ ఎలక్ట్రోడ్ మూలలు ముందుగా పోతాయి. రెండింటినీ కలిపే దించాలి.

ఎలక్ట్రోడ్ కొలత

స్పార్క్ గ్యాప్ (ఎలక్ట్రోడ్‌కూ జాబ్‌కూ మధ్య ఖాళీ) కరెంటుతో పాటే పెరుగుతుంది కాబట్టి, కరెంటు తేలాకే ఎలక్ట్రోడ్ కొలత రాయగలరు. పై ఉదాహరణలో 30 ఆంపియర్ల రఫింగ్ ఎలక్ట్రోడ్‌ను ఒక్కో పక్కకు సుమారు 0.3 మిల్లీమీటర్లు, ఫినిషింగ్ ఎలక్ట్రోడ్‌ను 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్లు చిన్నదిగా చేస్తే సరిపోతుంది. ఎలక్ట్రోడ్ మీద ఆ అంకెను గుద్ది ఉంచండి; రెండు వారాల తరువాత అలమారలోంచి తీసినప్పుడు ఏది రఫింగ్‌ది, ఏది ఫినిషింగ్‌ది అన్న వెతుకులాట ఉండదు.

నూనె, ఫ్లషింగ్, హైదరాబాద్ ఎండ

ఎంత సరిగ్గా లెక్క వేసినా, గ్యాప్‌లోని చెత్త ఫ్లషింగ్‌తో, అంటే నూనె ప్రవాహంతో, బయటికి పోకపోతే ఆ కరెంటు నిలవదు. చెత్త పేరుకున్న చోటే మళ్లీ మళ్లీ స్పార్క్ పడి, అది ఆర్క్‌గా (ఒకే చోట ఆగకుండా నిలిచే మెరుపుగా) మారి, జాబ్‌లో లోతైన గుంతను, ఎలక్ట్రోడ్ మీద నల్లని కార్బన్ ముద్దను మిగులుస్తుంది. చిటపటమని సమంగా వినిపించే శబ్దం మందగించడం, వోల్ట్‌మీటర్ ముల్లు కిందికి పడి అక్కడే నిలిచిపోవడం, ఒకే చోటినుంచి పొగ బుడగలు లేవడం దీని గుర్తులు. వెంటనే ఆపి, రెండు వైపులా కార్బన్‌ను పూర్తిగా గీకి తీసి, ఆఫ్ టైమ్‌ను పెంచి, ఎలక్ట్రోడ్ ఎత్తి దించే జంప్‌ను ఎక్కువ చేసి, ఆ తరువాతే మొదలుపెట్టండి. లోతైన సన్నని రిబ్‌లలో నూనె ఒత్తిడి పెంచడం కంటే జంప్ పెంచడమే బాగా పని చేస్తుంది, ఎక్కువ ఒత్తిడి ఎలక్ట్రోడ్ అరుగుదలను అసమానం చేస్తుంది.

వేసవిలో మన నగరంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్‌లో ఇంకా ఎక్కువ. కిరోసిన్ ఆవిరి మంట అందుకునే ఉష్ణోగ్రత దాదాపు 38 డిగ్రీల నుంచే మొదలవుతుంది. ఖర్చు తగ్గుతుందని ఇప్పటికీ ట్యాంకులో కిరోసిన్ పోసేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలని గట్టిగా కోరుతున్నాను. ఈడీఎం కోసమే తయారైన, 100 డిగ్రీలకు పైబడిన ఫ్లాష్ పాయింట్ (ఆవిరి మంట అందుకునే ఉష్ణోగ్రత) ఉన్న నూనెనే వాడండి. స్పార్క్ పడే చోటు మీద కనీసం 50 మిల్లీమీటర్ల నూనె ఎప్పుడూ నిలిచి ఉండాలి. నూనె మట్టం పడిపోతే మెషీన్‌ను ఆపే ఫ్లోట్ స్విచ్‌ను తీగతో కట్టివేయడం ఏ తొందర పనికోసమూ చేయకూడదు. కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రకం మంటలార్పే సిలిండర్ చేతికి అందే దూరంలో ఉండాలి.

వేడి కొలతలనూ మారుస్తుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర కొలిచిన 200 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు, 37 డిగ్రీల నూనెలో మునిగాక సుమారు 35 మైక్రాన్లు పెరుగుతుంది. రెండు క్యావిటీల మధ్య దూరం 20 మైక్రాన్లలో పట్టాలంటే, జాబ్‌ను నూనెలో తగినంత సేపు ఉంచి ఉష్ణోగ్రత కుదురుకున్నాకే సెంటర్ తీసుకోవాలి (ఎలక్ట్రోడ్ స్థానాన్ని జాబ్‌తో సరిచూసుకోవాలి). ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ (నూనెను చల్లబరిచే పరికరం) లేని మెషీన్ మీద పెద్ద కరెంటు రఫింగ్‌ను రాత్రి షిఫ్టుకు మార్చడం మంచి అలవాటు.

కార్బైడ్, టైటానియం, విరిగిన ట్యాప్

పైన చెప్పిన లెక్కలన్నీ ఉక్కుకు చెందినవి. టంగ్‌స్టన్ కార్బైడ్‌ను కాపర్ టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌తో, ఎలక్ట్రోడ్‌ను నెగెటివ్‌గా పెట్టి, పొట్టి ఆన్ టైమ్‌తో, ఉక్కుకు వాడే కరెంటు కంటే బాగా తక్కువలో చేయాలి. తొందరపడితే కార్బైడ్ ఉపరితలం పగుళ్ల వలగా మారుతుంది. కంచన్‌బాగ్‌లోని మిధానీ (ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) వంటి సంస్థ ఉన్న నగరంలో టైటానియం, నికెల్ మిశ్రమ లోహాల జాబులు చిన్న షెడ్లకూ రావడం సహజం. టైటానియానికి గ్రాఫైట్‌ను నెగెటివ్‌గా వాడడం పరిపాటి. ఎలక్ట్రోడ్ బాగా అరుగుతుందని ముందే ఒప్పుకుని అదనంగా రెండు మూడు చేసుకోండి. విమాన భాగాలైతే తెల్లపొరను తరువాత వేరే పద్ధతిలో తీయవలసి ఉంటుందేమో ఆర్డర్ తీసుకునే రోజే అడిగి, దానికి తగిన లోహం మిగల్చండి. ఇలాంటి కొత్త పదార్థం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు, బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో) శిక్షణ పొందిన వారి సలహా ఒకసారి తీసుకోవడం వల్ల జాబ్ చెడిపోయే ప్రమాదం తగ్గుతుంది.

విరిగిన ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) తీయడం ఒక్కటే చదరపు సెంటీమీటరుకు 10 ఆంపియర్ల సూత్రాన్ని తెలిసి దాటగల పని, ఎందుకంటే అక్కడ ఎలక్ట్రోడ్ ఆకారం నిలవవలసిన అవసరం లేదు. ఎం8 (8 మిల్లీమీటర్ల మర కోసే) ట్యాప్‌కు 4 మిల్లీమీటర్ల రాగి లేదా ఇత్తడి కడ్డీ సరిపోతుంది. దాని వైశాల్యం ప్రకారం ఒక ఆంపియర్‌కు కొంచెం మించి పెట్టకూడదు, అయినా 3 నుంచి 6 ఆంపియర్ల దాకా పెట్టి, కడ్డీ అరిగే కొద్దీ దించుకుంటూ పోవచ్చు. మధ్య కోర్ పోగానే పళ్లున్న ముక్కలు విడిపోతాయి. వాటిని సన్నని పట్టకారుతో తీయండి. కడ్డీ మధ్యనుంచి తప్పి మరను తాకిందేమో ముందుగా చూడండి. తాకిన చోట గట్టిపడిన పొర ఏర్పడి ఉంటుంది, దాని మీద కొత్త ట్యాప్‌ను బలవంతంగా తిప్పితే అదీ విరుగుతుంది. రంధ్రాన్ని నూనె, చెత్త లేకుండా కడిగి, పాత మర వెంట ట్యాప్‌ను చేత్తోనే నెమ్మదిగా, అర చుట్టు ముందుకూ పావు చుట్టు వెనక్కూ తిప్పుతూ దించండి.